అంగట్ల ధర కట్టేది ఎవరు?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల కోసం ఒక తరం పుస్తకాలు పక్కన పెట్టి రోడ్డెక్కింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ మూడింటి లెక్కలు ఇప్పటికీ అడుగుతున్నం, అడగాల్సిందే. కాని ఆ మూడింటి పక్కన జాగ దొరకని మాట ఒకటి మిగిలిపోయింది. అది ధర. కాలువ నీళ్లో బోరు నీళ్లో పారించి పండించిన పంటకు ఎవరు, ఎక్కడ కూర్చొని, ఏ తక్కెడతోని తూచి, ఎంత కడుతరు? ఈ ప్రశ్నకు జవాబు సచివాలయంల దొరకదు. కామారెడ్డి అంగట్ల, ఎల్లారెడ్డి అంగట్ల పొద్దుగూకే యాళ్లకు నిలబడి చూస్తే దొరుకుతది.

విద్యార్థి మిత్రులకు అంగడి కొత్త కాదు. ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి, తాడ్వాయి దిక్కు నుంచి కామారెడ్డికి డిగ్రీ చదువుకు వచ్చిన పిల్లల్ల హాస్టల్ సీటు దొరికినోళ్లు కొందరే. మిగిలినోళ్లం నలుగురైదుగురం కలిసి ఒక అర్ర కిరాయికి తీసుకునేటోళ్లం. బియ్యం ఇంటి నుంచి బస్సుల వస్తయి. కారం, మామిడికాయ తొక్కు సీసలల్ల వస్తయి. కొనేది కూరగాయలే. 2009, 2010 నాటి మాట ఇది. అంగడి నాడు సంచి పట్టుకొని పోవుడు వంతుల వారీగ నడిచేది. ఎవరి వంతు వచ్చినా ఎప్పుడు పోవాలన్నది మాత్రం అందరికీ ఎరుకైన సంగతే. పగటీలి పోవద్దు. దీపాలు పెట్టంగ పోవాలె.

పగటీలి కిలో పది రూపాయలకు దిగని వంకాయ దీపాలు పెట్టంగ ఐదు రూపాయలకు వచ్చేది. ఇంకో అర్ధగంట ఆగితే కుప్ప మొత్తం ఐదు రూపాయలే. వంకాయ అదే. మడి అదే. చీకటితోని లేచి తెంపిన చెయ్యి అదే. మారింది ఒక్కటే, ఆఖరి బస్సు టైం దగ్గర పడ్డది. గంప ఖాళీ కాకుంటే దాన్ని మళ్లా నెత్తిన ఎత్తుకొని ఊరికి పోవాలె. తెల్లారే వరకు పుంటికూర వాడిపోతది, తోటకూర నల్లబడతది. ఇక్కడనే పెట్టి పోదామంటే తాళం వేసే అర్ర లేదు, కావలి లేదు. అందుకని ఆ యాళ్లకు అవ్వ కండ్లు కొనేటోని సంచి మీద ఉండయి, బస్టాండ్ దిక్కు ఉంటయి. బేరమాడే పిల్లగానికి ఆ సంగతి తెలుసు. “గింత అగ్గువకు ఎట్లిస్తరు కొడుకా” అనుకుంటనే సంచిల పోసేది.

అదే రోజుల్ల క్లాసుల సంపూర్ణ పోటీ మార్కెట్ పాఠం నడుస్తుండె. అమ్మేటోళ్లు మస్తు మంది ఉండాలె, కొనేటోళ్లు మస్తు మంది ఉండాలె, ఎవరూ ఒక్కరే ధరను శాసించొద్దు, అందరికీ సమాచారం తెల్వాలె, ఎవరికి ఇష్టమైనప్పుడు వాళ్లు రావచ్చు, పోవచ్చు. దీనికి ఉదాహరణ రాయమంటే వ్యవసాయ మార్కెట్ అని రాసేటోళ్లం, మార్కులు పడేటివి. ఆ పాఠం చదివినోళ్లంతా ఒక్కసారి అంగట్లకు పోయి సరిచూసుకోవాలె. అమ్మేటోళ్లు మస్తు మంది ఉన్నరు, నిజమే. కొనేటోళ్లు కూడ ఉన్నరు. కాని అమ్మేటామె ఇష్టమైనప్పుడు వచ్చుడు, పోవుడు ఎక్కడిది? బస్సు వచ్చినప్పుడు వస్తది, బస్సు పోయేముందు పోతది. సమాచారం ఎక్కడిది? హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్ల తెల్లారుజామున టమాట ఏం ధర పలికిందో గంపలు లెక్కన కొనే వ్యాపారికి ఫోన్ల వస్తది. అవ్వకు మొదటి గిరాకి నోట్లకెల్లి వస్తది, అది కూడ తక్కువ చేసి.

కాబట్టి కామారెడ్డి అంగట్ల ధర కట్టేది డిమాండ్ ఒక్కటే కాదు, సప్లయ్ ఒక్కటే కాదు. కూర్చునేటందుకు జాగ లేకపోవుడు, నెత్తి మీద నీడ లేకపోవుడు, మిగిలిన సరుకు పెట్టి తాళమేసే అర్ర లేకపోవుడు, ఆఖరి బస్సు. ఈ నాలుగే అవ్వ చేతిలోని వంకాయకు ధర కడుతున్నయి. ఈ నాలుగింట్ల దేవుని చేతిల ఉన్నది ఒక్కటన్న ఉన్నదా? వానలు పడకుంటే మొగులును తిట్టుకుంటం. నీడ లేకుంటే ఎవరిని అడగాలె?

“రైతు బజార్లు పెట్టిండ్రు కదా” అంటరు. పెట్టిండ్రు. ఉమ్మడి రాష్ట్రంల 1999 జనవరి 26న చంద్రబాబు నాయుడు ప్రభుత్వం మొదలుపెట్టింది. అంతకుముందు పంజాబ్‌ల 1987ల ‘అప్నీ మండి’ వచ్చింది, మన తర్వాత అదే 1999 నవంబర్ల తమిళనాడుల ‘ఉళవర్ సందై’ వచ్చింది. దళారీ లేకుండ రైతు నేరుగ అమ్ముకోవాలె, కొనేటోనికి అగ్గువ కావాలె అన్న ఆలోచన చెడ్డది కాదు. కాదంటే అబద్ధమైతది. రైతులకు గుర్తింపు కార్డులు ఇచ్చిండ్రు, కిరాయి లేకుండ గద్దెలు ఇచ్చిండ్రు, పల్లెల నుంచి బస్సులు నడిపిండ్రు. కాని ఆ బజార్లు ముందుగాల ఎక్కడ పుట్టినయో చూడుండ్రి. మెహిదీపట్నం, ఎర్రగడ్డ. అంటే లెక్క కొనేటోని ఇంటికాడ నుంచి మొదలైంది, పండించేటోని మడికాడ నుంచి కాదు. పట్నపు మధ్యతరగతికి కూరగాయలు అగ్గువ దొరకాలె, ఓటు నిలబడాలె. మక్క చేన్ల పక్కన నాలుగు గుంటల వంకాయ పెట్టుకున్న తాడ్వాయి రైతుకు, మెహిదీపట్నం వంద కిలోమీటర్లు దాటినంక వస్తది.

ధర కట్టే సూత్రం ఇంకా ఇచ్చెత్రం. హోల్‌సేల్ ధర మీద పావు వంతు ఎక్కువ, బయట చిల్లర ధర కన్న పావు వంతు తక్కువ. వినేటందుకు న్యాయంగనే ఉంటది. కాని ఆ హోల్‌సేల్ ధర ఎవరు కట్టిండ్రు? గంపలు గుత్తకు కొనేటోడు కట్టిండు. వాడు పొద్దుగాల కట్టిన ధరకు పావలా కలిపి బోర్డు మీద రాసినంత మాత్రాన అది రైతు ధర ఎట్లయితది? రైతుకు ఎంత ఖర్చయింది, విత్తనం ఎంత, మందు ఎంత, కైకిలి ఎంత, తెంపిన కూలి ఎంత అన్న మాట ఆ బోర్డు మీద ఎక్కడుంటది?

ఇంకొక ముడి కూడ ఉన్నది. గుర్తింపు కార్డు కావాలంటే భూమి చూపియ్యాలె. మన దిక్కు భూమి పట్టా మొగాయన పేరు మీద ఉంటది, గంప ఆడామె నెత్తి మీద ఉంటది. కౌలు చేసేటోళ్లకు చూపియ్యనీకి కాయితమే లేదు. 2018 మే నెలల రైతుబంధు వచ్చినప్పుడు కూడ కథ ఇదే. ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000, పట్టా ఉన్నోనికి. కౌలు రైతుకు సున్న. పేరు మారింది, రేటు మారింది, పట్టాదారు పాస్‌బుక్ మీది ప్రేమ మాత్రం మారలె. ఎల్లారెడ్డి అంగట్లకు తండాల నుంచి వచ్చే లంబాడ అక్కలను చూడుండ్రి. చలికాలం మొదట్ల సీతాఫలాలు తెస్తరు, తర్వాత కూరగాయలు తెస్తరు. ఆ పండ్లు అడవివి, ఆ మడి ఎవరిదో. వాళ్లు ఏ పథకంల రైతులు? ఏ పథకంల వ్యాపారులు? ఏ కాయితంలనూ లేరు, అంగట్ల మాత్రం ఉన్నరు.

కూరగాయల అంగడి ఇట్లుంటే గంజ్ ఎట్లుంటది? కామారెడ్డి గంజ్ అంటే ఒకప్పుడు బెల్లం. తెలంగాణల బెల్లం బజారు పేరు చెప్పుమంటే ముందుగాల వచ్చే పేర్లల్ల కామారెడ్డి ఒకటి. చెరుకు ఫ్యాక్టరీకి పోను, ఇంటికాడ గానుగ ఆడి వండిన బెల్లం బండ్ల మీద వచ్చేది. డిగ్రీ రెండో సంవత్సరంల ఒక ఊరి రైతు వెంట ఒక అడ్తి దుకాణానికి పోయిన. తూకమైంది, ధర ఖరారైంది, గుమాస్తా తక్‌పట్టీ రాసి చేతిల పెట్టిండు. హమాలీ అని ఇంత, దడ్వాయి అని ఇంత, కడ్తా అని ఇంత, ధర్మం అని ఇంత. ఎవరి ధర్మమో ఆ కాయితం చెప్పలె. ఇవన్నీ పోను మిగిలింది చూసి ఆ రైతు ఏమనలె. అప్పటికే అదే దుకాణంల పెట్టుబడికి తెచ్చిన బాకీ వడ్డీ కింద ఇంకొంత పట్టుకున్నరు. బేరమాడే ధైర్యం వాకిట్లనే విడిచిపెట్టి లోపలికి వచ్చినోడు ఏమంటడు?

బెల్లం నల్లగ ఉంటే కథ ఇంకా వేరు. నల్లబెల్లం గుడుంబకు పోతదని ఉమ్మడి రాష్ట్రంల ఆంక్షలు పెట్టిండ్రు, తెలంగాణ వచ్చినంక కూడ పెట్టిండ్రు. గుడుంబ ఇండ్లు కూల్చింది, నిజం. దాన్ని బంద్ చెయ్యాల్సిందే, అందుల రెండో మాట లేదు. కాని చెరుకు రసం నల్లగ దిగుడు రైతు చేసిన నేరమా? నేల గుణం, నీళ్ల గుణం, వండిన తీరు, ఏదో ఒకటి. గుడుంబ బట్టీ పెట్టినోడు తప్పించుకపోతే, గానుగ పెట్టినోడు దొంగలెక్క బండి కప్పుకొని తిరగాలె. మద్యం మీద ఖజానా నింపుకునే ప్రభుత్వాలు బెల్లం రైతుకు నీతి చెప్పుడు చూస్తే నవ్వు వస్తది.

చట్టం లేక ఇట్లున్నదా? కాదు. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. హైదరాబాద్ సంస్థానంల వ్యవసాయ మార్కెట్ల చట్టం 1930లనే వచ్చింది. మద్రాసు రాష్ట్రం వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం చేసింది 1933ల. తూకం, రుసుం, అడ్తిదారుకు లైసెన్స్ అనే కట్టుబాట్లు ఈ నేల మీద తొంబై ఏండ్ల కిందటివి. తర్వాత 1966ల ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది, దాన్నే తెలంగాణ కూడ తీసుకున్నది. మార్కెట్ రుసుం కొన్నోడు కట్టాలె, అమ్మినోడు కాదని అందుల ఉన్నది. కమిటీల రైతులు ఉండాలెనని ఉన్నది. మరి ఆ కమిటీని ఎన్నుకునేది రైతులా? కాదు. సర్కారు నామినేట్ చేస్తది. చైర్మన్ కుర్చీ అంటే పార్టీల టికెట్ రానోనికి ఇచ్చే ఓదార్పు. తెలంగాణ వచ్చినంక ఆ కుర్చీలకు బీసీ, ఎస్సీ, ఎస్టీ, మహిళా రిజర్వేషన్లు పెట్టిండ్రు. మంచి పని, ఒప్పుకోవాలె. కాని రిజర్వేషన్ వచ్చింది, ఎన్నిక రాలె. సర్పంచిని ఎన్నుకుంటం, సహకార సంఘం డైరెక్టర్‌ను ఎన్నుకుంటం, మన పంటకు కాంటా పెట్టే కమిటీని మాత్రం ఎమ్మెల్యే రాసిచ్చిన లిస్టుల చదువుకుంటం.

మద్దతు ధర ఉన్న పంటల గతి ఏమన్న బాగున్నదా? 2020 వానాకాలంల నియంత్రిత సాగు అన్నరు, మక్క వెయ్యొద్దన్నరు. వేసినోడు వేసిండు, ఎందుకంటే కామారెడ్డి చెలకలల్ల మక్క కాక ఇంకేం వేస్తరు? పంట చేతికొచ్చే యాళ్లకు కొనేటోడు లేడు. ఆ అక్టోబర్ల కామారెడ్డిల మక్క రైతులు రోడ్డెక్కితే తప్ప మార్క్‌ఫెడ్ కదలలె. మద్దతు ధర 1,850 రూపాయలు కాయితం మీద ముందుగాలనే ఉన్నది, రోడ్డెక్కినంకనే అది ధర అయింది. ఆ మరుసటి ఏడు 2021 నవంబర్ల వడ్లు కొనే పంచాయితీ ఢిల్లీకి, హైదరాబాద్‌కు నడుమ పడ్డది. లింగంపేట మండలంల కొనుగోలు కేంద్రం కాడ రోజుల కొద్ది తన వంతు కోసం ఎదురుచూసిన రైతు ఒకాయన వడ్ల కుప్ప మీదనే పానం ఇడిచిండు. ఎల్లారెడ్డి నియోజకవర్గం అది. ఆయన పండించలేక చావలె. పండించి, కోసి, ఎండబోసి, తూకం కోసం నిలబడి చచ్చిండు. నీళ్ల గోస తీరినా చావు ఎందుకు ఆగలె అన్న ప్రశ్నకు ఆ కుప్ప కన్న పెద్ద సాక్ష్యం ఏం కావాలె?

వడ్లకు, మక్కకు కనీసం అడిగేటందుకు ఒక అంకె ఉన్నది. కేంద్రం మద్దతు ధర ప్రకటించేది 22 పంటలకు. అందుల టమాట లేదు, వంకాయ లేదు, పచ్చిమిరప లేదు, ఉల్లిగడ్డ లేదు. పసుపు కూడ లేదు. పసుపుకు ధర కోసమే 2019 లోక్‌సభ ఎన్నికలల్ల నిజామాబాద్ సీటుకు 178 మంది రైతులు నామినేషన్ వేసి నిలబడ్డరు, మొత్తం అభ్యర్థులు 185 మంది. దేశమంతా ఇచ్చెత్రపోయింది. 2025 జనవరిల నిజామాబాద్‌ల జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ధర ముచ్చట అట్లనే ఉన్నది. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి జహీరాబాద్ లోక్‌సభ సీటు కిందికి వస్తయి కాబట్టి ఆ ఓట్ల కాయితం మనకు రాలె, కాని ఆ ప్రశ్న మనది కూడ.

కూరగాయల సంగతికి వద్దాం. 2023 జులైల టమాట కిలో వంద దాటింది. టీవీలల్ల రోజూ అదే వార్త. టమాట బండ్లకు కావలి పెట్టిన వార్తలు, మీమ్స్, మంత్రుల ప్రకటనలు. ఏమైంది తర్వాత? సెప్టెంబర్ వరకు అదే టమాటకు కోత కూలి కూడ ఎల్లక రైతులు రోడ్ల మీద పారబోసిండ్రు. అప్పుడు ఎన్ని కెమెరాలు పోయినయి? రిజర్వ్ బ్యాంక్ పరిశోధన పత్రం ఒకటి 2024ల వచ్చింది. కొనేటోడు టమాటకు పెట్టే రూపాయిల రైతుకు చేరేది 33 పైసలు, ఉల్లిగడ్డల 36, ఆలుగడ్డల 37. ఇది మన అడ్డా మీద కూర్చొని చెప్పిన లెక్క కాదు, ముంబై రిజర్వ్ బ్యాంక్ పేరు మీద అచ్చైన లెక్క. మిగిలిన 67 పైసలు ఏడికి పోతున్నయో అడిగే శాఖ ఏదో చెప్పుండ్రి.

చెయ్యలేమా? కేరళ చేసింది. 2020 నవంబర్ 1న కూరగాయలు, పండ్లు, దుంపలు కలిపి 16 రకాలకు కనీస ధర ప్రకటించింది, సాగు ఖర్చు మీద 20 శాతం కలిపి. కేరళ కూరగాయలు ఎక్కువగ బయటికెల్లి కొనే రాష్ట్రం. అటువంటి రాష్ట్రం పండించేటోనికి భరోసా ఇస్తే, రైతు రాజ్యమని చెప్పుకునే మనం ఎందుకియ్యం?

ఇప్పుడు ఉద్యోగ మిత్రులతోని ఒక మాట. కోపం చేసుకోకుండ వినుండ్రి. ధరలు పెరిగితే మీకు డీఏ వస్తది. ఆ డీఏ లెక్క కట్టే వినియోగదారుల ధరల సూచీల టమాట ఉన్నది, ఉల్లిగడ్డ ఉన్నది. రావాల్సిందే, దానికోసం కొట్లాడాల్సిందే, బకాయిలు పెట్టుడు అన్యాయమే. మరి టమాట ధర పెరిగితే ఉద్యోగికి డీఏ ఉన్నప్పుడు, టమాట ధర పడితే రైతుకు ఏమున్నది? ఒక్క వస్తువు ధర ఎక్కినా దిగినా లెక్క తీసే సర్కారు, ఎక్కినప్పటి లెక్కే ఎందుకు తీస్తది?

2011 సకల జనుల సమ్మె గుర్తు చేసుకుందాం. 42 రోజులు ఆఫీసులు మూతబడ్డయి, బడులు మూతబడ్డయి, ఆర్టీసీ బస్సులు ఆగినయి. జీతాలు లేక ఉద్యోగులు పడ్డ కష్టం పెద్దది, చరిత్రల రాయదగ్గది. కాని బస్సు ఆగిన రోజు గంప కూడ ఆగింది. ఆటోకు మూడింతల కిరాయి పెట్టి వచ్చిన అవ్వ ఉన్నది, రాలేక ఇంటికాడనే పశువులకు వేసిన అక్క ఉన్నది. సమ్మెకు ముందు, ఆ ఎండకాలం పోతపోత చేసిన ‘వంటా వార్పు’ల రోడ్ల మీద పొయ్యిలు పెడితే, అండ్లకు వంకాయలు, మిరపకాయలు పైసలు తీసుకోకుండ పోసింది అంగట్ల అమ్మలే. తెలంగాణ వచ్చినంక ఉద్యోగులకు 2014ల తెలంగాణ ఇంక్రిమెంట్ ఇచ్చిండ్రు. న్యాయమే, తీసుకున్నరు, తీసుకోవాల్సిందే. అంగట్ల అమ్మకు ఏం ఇంక్రిమెంట్ వచ్చింది? కనీసం ఒక రేకుల షెడ్డు వచ్చిందా? ఉద్యోగ సంఘాల డిమాండ్ల పత్రంల ఈ రేకుల షెడ్డు ఒక లైన్ ఎందుకు కావద్దు?

“కూరగాయలకు మంచి ధర ఇస్తే పేదోడు ఏం తింటడు” అని అడిగేటోళ్లు ఉన్నరు. ఆ ప్రశ్న ఎప్పుడూ పేదోడు అడగడు, పేదోని పేరు మీద ఇంకొకరు అడుగుతరు. రూపాయిల 33 పైసలు రైతుకు పోతున్నప్పుడు దాన్ని 50 చేసినా కొనేటోని రూపాయి రూపాయిగనే ఉంచొచ్చు. నడుమ ఉన్న 67 పైసలల్లకెల్లి తియ్యాలె, తినేటోని కంచంలకెల్లి కాదు.

“అయితే దళారీని తీసేద్దాం, పెద్ద కంపెనీలు నేరుగ కొంటయి” అనే ఇంకొక జట్టు ఉన్నది. 2006ల రిలయన్స్ ఫ్రెష్ దేశంల మొదటి దుకాణాలు తెరిచింది మన హైదరాబాద్‌లనే. అప్పుడు గూడ ఇదే ముచ్చట చెప్పిండ్రు. అదే 2006ల బీహార్ మార్కెట్ కమిటీల చట్టాన్నే ఎత్తేసింది. అక్కడి రైతుకు బంగారం పండలె, మద్దతు ధర కన్న తక్కువకు అమ్ముకునుడు మాత్రం ఆగలె. 2020ల కేంద్రం మూడు సాగు చట్టాలు తెచ్చి గంజ్ గోడలు కూలుస్తమన్నది. ఢిల్లీ పొలిమేరల మీద రైతులు ఏడాది కూర్చున్నరు, 2021 నవంబర్ల అవి వాపస్ పోయినయి. ఒక మాట స్పష్టంగ చెప్పుకోవాలె. పుట్‌పాత్ మీద మారుబేరం చేసుకునే ఆడామె, తోపుడు బండి పిల్లగాడు మన శత్రువులు కాదు. వాళ్లూ ఆఖరి బస్సు బాపతే. తెల్లారుజామున గంపలు గుత్తకు కొని, సాయంత్రానికి ఫోన్ మీద ధర తిప్పేటోడు వేరు. ఇద్దరినీ దళారీ అన్న ఒక్క తిట్టుతోని కలిపి తిడితే పెద్దోడు బతికిపోతడు, చిన్నోని బండి పోలీస్ స్టేషన్‌కు పోతది.

ఆ చిన్నోని కోసం కూడ చట్టం ఉన్నది. 2014ల వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఏండ్ల తరబడి జనం కూడి అమ్ముకునే జాగను అది సహజ మార్కెట్‌గ గుర్తించుమన్నది. పట్టణంల వ్యాపార కమిటీ వెయ్యాలె, అందుల 40 శాతానికి తక్కువ కాకుండ అమ్ముకునేటోళ్లే ఎన్నికై ఉండాలె, వాళ్లల్ల మూడో వంతు ఆడోళ్లు ఉండాలె అన్నది. ఎల్లారెడ్డి 2018ల మున్సిపాలిటీ అయింది. పంచాయతీ పోయి మున్సిపాలిటీ వస్తే ఇంటి పన్ను పెరిగిందని అందరికీ తెలుసు. ఈ హక్కు కూడ వచ్చిందని ఎంత మందికి తెలుసు?

2021ల అప్పటి సర్కారు మున్సిపాలిటీకొక సమీకృత మార్కెట్ అన్నది. కూరగాయలు, మాంసం, చాపలు ఒక్క కప్పు కింద. కట్టిన కాడ బాగున్నయి, పిల్లర్ల మీద ఆగిపోయిన కాడ పిచ్చిచెట్లు మొలిచినయి. కట్టిన వాటిలనూ స్టాల్ వేలం పాటల ఎవరికి పోతది? డిపాజిట్ కట్టగలిగినోనికి. వారానికి ఒక్కనాడు గంపతోని వచ్చే అవ్వకు స్టాల్ ఎందుకు, గద్దె కావాలె. అది ఆ నక్షల లేదు.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు కిరాయి లేదు. అంగట్ల అమ్మకు ఇది నిజమైన లాభం, ఎవరు తెచ్చినా మెచ్చుకోవాలె. రానుపోను కిరాయి మిగిలితే అది ఆమె చేతిల పడ్డ ధరే. కాని కిరాయి పోయింది గని టైం మారలె. పొద్దుగూకిన గంటకు ఇంకొక బస్సు పల్లెలకు పోతే చాలు, కుప్ప ఐదు రూపాయలకు దిగకుండ నిలబడతది. ఒక్క డ్రైవర్, ఒక్క ట్రిప్, వారానికి ఒక్కనాడు. దీనికి కాళేశ్వరం అంత అంచనా అక్కర లేదు.

2023 నవంబర్ల కామారెడ్డి దిక్కు దేశమంతా చూసింది. ఒక ముఖ్యమంత్రి, ముఖ్యమంత్రి కావాలనుకున్న ఇంకొకాయన ఇద్దరూ ఇక్కడనే నిలబడ్డరు. ఇద్దరినీ ఇక్కడి ఓటరు ఓడగొట్టి మూడో ఆయనను గెలిపించిండు. ఆ ఏడాది జనవరిలనే మాస్టర్ ప్లాన్ పేరు మీద తమ పొలాలు పారిశ్రామిక జోన్ల పోతయని రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించి, ముసాయిదా రద్దు చేయించుకున్నరు. అంటే ఈ నేల అడగ నేర్వనిది కాదు. భూమి పోతదంటే లేచినోళ్లు, భూమిల పండినదాని ధర పోతుంటే కూడ లేవగలరు. 2025 ఆగస్టు చివరి వారంల వరద వచ్చి ఇదే జిల్లాల రోడ్లు తెగినయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది, పోచారం కట్ట ఉంటదా పోతదా అని పానం గుప్పిట్ల పెట్టుకున్నరు. మడులు మునిగిన కాడ పెద్ద పంటకు నష్టం రాసుకున్నరు. నాలుగు గుంటల కూరగాయల మడిని రాసుకునేటందుకు ఎవరి పుస్తకంల కాలమ్ ఉన్నది?

అందుకని పని చిన్నగనే మొదలుపెడదాం. డిగ్రీ చదివే పిల్లలు ప్రాజెక్ట్ రిపోర్ట్ కోసం గూగుల్ల వెతుకుడు మానుండ్రి. నాలుగు అంగళ్లు పోయి మధ్యాన్నం ఎంత, దీపాలు పెట్టంగ ఎంత అని రాసుకొని రాండ్రి. తక్‌పట్టీ ఒకటి అడిగి జిరాక్స్ తీసుకోండ్రి. తర్వాత మున్సిపాలిటీకి, మార్కెట్ కమిటీకి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టుండ్రి. ఫీజు పది రూపాయలు మించదు, ఊరి పంచాయతీల అయితే అది కూడ లేదు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. అడగాల్సినవి ఇవి: గడిచిన ఐదేండ్లల్ల తైబజారు వేలం మీద ఎంత వచ్చింది, ఎత్తేస్తే ఏ తారీఖున ఎత్తేసిండ్రు, వచ్చిన దాంట్ల అంగడి జాగ మీద ఎంత ఖర్చు పెట్టిండ్రు. వీధి వ్యాపారుల కమిటీకి ఎన్నిక ఎప్పుడు పెట్టిండ్రు, అందుల ఆడోళ్లు ఎంత మంది. మార్కెట్ రుసుం ఎంత వసూలైంది, దాంతోని కూరగాయలు పెట్టి తాళమేసే అర్ర ఎన్ని కట్టిండ్రు. ఈ దరఖాస్తు కామారెడ్డిల ఒకటి, ఎల్లారెడ్డిల ఒకటి, ఒకే రోజు పడాలె. జవాబులు వచ్చినంక వాటిని తీసుకొని పోయేది కలెక్టర్ కాడికి కాదు, ముందుగాల అంగట్లకు. గంపల నడుమ నిలబడి గట్టిగ చదవాలె.